రేడియోకి చెప్పని మాట

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పిల్లలకి రేడియో మామ, పెద్దలకి ఒట్టి రేడియో. మంచి దర్జీ. భుజం దగ్గర అతను తిప్పే వంపు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి వేరే దర్జీలు కుట్లు విప్పి మరీ చూసేవాళ్ళు. అయితే చేతికున్న అదుపు నోటికి లేదు. నోట్లో నువ్వుగింజ నానదు. ఒక సంగతి అతని చెవిన పడిందంటే మధ్యాహ్నానికి ఎదురుగా ఉన్న సెలూన్లో వినిపించేది, సాయంత్రానికి వీధి చివర మందులషాపు దాకా పాకేది. చెడ్డవాడు కాదు పాపం, ఎవరి మీదా కక్షతో చెప్పడు. దాచుకుంటే కడుపుబ్బరం, చెప్పేస్తే హాయి, అంతే.

దుకాణంలో కుట్టేవి ఆడవాళ్ళ బట్టలు. ముందు గదిలో అతని కోతబల్ల, రెండు మిషన్లు, కుట్టడం పూర్తయిన బట్టలు వేలాడే ఇనుపకడ్డీ. వెనకవైపు మందపాటి తెర. తెర వెనక కొలతలు తీసేది అతని భార్య. వీధంతా ఆమెను అక్కా అనేది, ఆమెకన్నా పెద్దవాళ్ళతో సహా. తెరకి ఇవతల మూలగా అద్దాల చట్రం కట్టించి, చిన్న బల్ల మీద కంప్యూటరు పెట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ దుకాణంలో కుట్టించుకుంటున్నవాళ్ళ కొలతలన్నీ అందులోనే. ఒక భుజం దిగినవాళ్ళు, నడుము దగ్గర వదులుంచమనేవాళ్ళు, మెడ మీద మచ్చ కనపడకుండా కాలరు ఎత్తు పెట్టమనేవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. డాక్టరుకి కూడా చెప్పని సంగతులు ఆడవాళ్ళు టేపు పట్టుకున్నవాళ్ళకి చెబుతారని ఆమె అంటుండేది.

మొదట్లో ఇంత గుట్టు లేదు. పేరూ కొలతలూ కంప్యూటరు తెర మీద కనిపించేవి, రేడియో తొంగిచూసి గుడ్డ కోసేసేవాడు. అలా ఉండగా ఒకరోజు సెలూన్లో గడ్డానికి నురగ పూయించుకుని కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం అతని వల్ల కాదు కదా. హోటలు నడిపే ఆవిడ నడుముకి ఏటికేడాది రెండేసి వేళ్ళు కలుపుతున్నాననీ, ఇంకొన్నాళ్ళు పోతే ఆవిడ గౌను కోయడానికి తన బల్ల చాలదనీ చెప్పి నవ్వించాడు. పక్క కుర్చీలో తువ్వాలు కప్పుకుని ఉన్నది ఆవిడ సొంత మరిది.

సాయంత్రానికి హోటలావిడ వచ్చింది. గడప దాటి లోపలికి కూడా రాలేదు. కోయకుండా ఉన్న తన గుడ్డలన్నీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె తోడికోడళ్ళు, ఆడపడుచులు, వాళ్ళ స్నేహితురాళ్ళు వరసగా రావడం మానేశారు. భార్య పోట్లాడుతుందని రేడియో కాచుకుని కూర్చున్నాడు. ఆమె ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది. మర్నాటి నుంచి అతని బల్ల మీదికి చీటీలు రావడం మొదలైంది. చీటీ మీద ఒక నంబరు, కొలతలు, కుట్టవలసిన తీరు. పేరుండదు. ఎవరిదని అడిగితే, ఆ నంబరుదే అనేది.

నిజం చెప్పుకోవాలంటే దానికి అతను బాగానే సర్దుకుపోయాడు. తప్పు తనదని తెలుసు. పైగా భార్య ఒక్కదానికే తెలిసిన గుట్టు, ఇంట్లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. నా ఖాతాదారులంతా లెక్కల మాస్టారి పిల్లలని తన మీద తనే జోకులేసుకుంటూ తిరిగాడు.

తర్వాత ఒక పొద్దున కంప్యూటరు తెరుచుకోలేదు. భార్య నల్లటి తెర ముందు చెంపకి చెయ్యి ఆనించి కూర్చుంది. అందులో ఉన్నవాటికి ఇంకో కాపీ ఎక్కడా లేదు. కొలతలన్నీ పోతే మళ్ళీ ప్రతి మనిషినీ పిలిచి టేపు పెట్టాలి. రెండోసారి ఒంటి సంగతులు చెప్పించుకోవడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. ఎవరో చెబితే ఒకాయన వచ్చాడు. కణతల దగ్గర నెరిసిన జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా. అవసరమైతే తప్ప నోరు తెరవడు. కంప్యూటరు పట్టుకెళ్ళి, కొన్నాళ్ళకి ప్రాణం పోసి తెచ్చాడు. లోపలి కొలతలన్నీ దక్కాయి. భార్య ముఖంలో వెలుగు చూసి రేడియో కూడా సంతోషించాడు. ఆ సంతోషం అంతటితో సరి.

ఎందుకంటే ఆ కంప్యూటరాయన వెంటనే వెళ్ళలేదు. ఆమె పక్కన స్టూలు వేసుకుని జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. మనిషి లేచి వెళ్ళగానే కంప్యూటరు తెర దానంతటదే మూసుకుపోవాలి. రోజూ దుకాణం కట్టేసేముందు చిన్న డిస్కులోకి ఒక కాపీ తీసుకోవాలి. ఆ డిస్కు కంప్యూటరుకి తగిలించి వదిలెయ్యకూడదు, దుకాణంలోనే పెట్టకూడదు, ఇంటికి వెళ్ళాలి. తెలియని చోటు నుంచి వచ్చిన ఉత్తరం తెరవకూడదు. అన్నిటికన్నా ముందు మంచి పాస్‌వర్డు. ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. ఆమె తలూపుతూ విన్నది. పెళ్ళయిన నాటి నుంచి తన మాట అంత శ్రద్ధగా ఎప్పుడైనా విన్నదా అని రేడియో కోతబల్ల దగ్గర నిలబడి గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

అద్దంలోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి, పాస్‌వర్డు అన్న మాట తర్వాత ఇంకేమీ వినిపించడం లేదు. ఆయనేదో అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, ఏదో చెప్పింది. నవ్వడం రాదనుకున్న ఆ మనిషి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేటట్టు. తర్వాత తలవంచి టకటకా కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూనే ఉంది. పేరైతే అంతసేపు పట్టదు, తేదీ అయితే అసలే పట్టదు. రేడియో చేతిలో సుద్ద విరిగింది.

ఆయన వెళ్ళాక రేడియో దారం కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ అడిగాడు.

"ఏదో పాస్‌వర్డు అన్నాడు, ఏం పెట్టావు?"

"మీకెందుకండీ అది."

"ఆయనకి తెలుసా?"

"పక్కనే ఉన్నాడు కదా, తెలీకుండా ఎలా ఉంటుంది?"

అంతే. ఆమె మామూలుగానే అంది. అతనికి మాత్రం ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఇన్నాళ్ళూ తనకి చెప్పనిది ఎవరికీ చెప్పదనుకున్నాడు. చెబుతుంది. నిన్నగాక మొన్న వచ్చినవాడికి చెబుతుంది, తనకి చెప్పదు.

ఆ రోజు నుంచి కంప్యూటరాయన పేరు వింటే చాలు, రేడియో కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు. ఆయన నెలకోసారి వచ్చి అంతా సవ్యంగా ఉందో లేదో చూసిపోయేవాడు. వచ్చినప్పుడల్లా రేడియో పైనుంచి కిందిదాకా పరిశీలించేవాడు. మొదటిసారి చొక్కా కాలరు కుట్టు కాస్త వంకరగా కనిపించింది. దాంతో రెండు రోజులు హాయిగా నిద్రపట్టింది. తర్వాత నెలలో వేరే చొక్కా వేసుకొచ్చాడు, వంక పెట్టడానికి ఒక్క కుట్టు దొరకలేదు. గుండీలు కూడా చేత్తో కుట్టినవే. ఆ పూట రేడియో అన్నం సగంలో వదిలేశాడు.

డిస్కు సంగతి మరీ దారుణం. దానికి దెబ్బ తగలకుండా ఉండాలని భార్య మిగిలిపోయిన మఖమలు ముక్కతో చిన్న సంచి కుట్టింది. అంచుకి పట్టుదారం, లోపల మెత్తటి అస్తరు, పైన ఒక గుండీ. దాన్ని చేతిసంచిలో పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చేది. ఇంట్లో బీరువాలో తన బట్టల మధ్య దాచేది. కళ్ళజోడుకి ఒక సంచి కుట్టి పెట్టమని రేడియో ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాడు. దర్జీ ఇంట్లో ఆ మాత్రం మీరే కుట్టుకోలేరా అనేది. ఇప్పుడు ఆ నల్ల డబ్బాకి మఖమలు తొడుగు. అతను బీరువా తలుపు వైపు కూడా ఎర్రగా చూడటం మొదలుపెట్టాడు.

ఇక్కడే ఒక వింత జరిగింది. ఈ మంట ఎవరితో చెప్పుకోవాలో అతనికి తెలియలేదు. సెలూన్లో కూర్చుని, నా పెళ్ళాం నాకు చెప్పని మాట పరాయివాడికి చెప్పిందని ఎలా అంటాడు? తల కొట్టేసినట్టుండదూ? నోటిదాకా వచ్చింది వచ్చినట్టే మింగేశాడు. పుట్టి బుద్ధెరిగాక అతని కడుపులో నిలిచిన మొదటి సంగతి అదే. సెలూనాయన కత్తెర ఆపి, బ్యాటరీ అయిపోయిందా రేడియో అని అడిగాడు. పని ఎక్కువగా ఉందని చెప్పి లేచి వచ్చేశాడు.

ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు? ఒకరోజు భార్య గుండీలూ అస్తరు గుడ్డా తేవడానికి బజారుకి వెళ్ళింది. సహకార సంఘం వాళ్ళ పాటల బృందం కచేరీకి ఒకేరకం గౌన్లు కుట్టించుకుంటోంది, ఆ మధ్యాహ్నమే కొలతలకి వస్తామన్నారు. రేడియో తలుపు ఓరగా వేసి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. పెళ్ళినాటి తేదీ కొట్టి చూశాడు. కాదంది. కూతురి పేరు కొట్టాడు. కాదు. అత్తగారి పేరు, ఆవిడ ఊరి పేరుతో కలిపి. అదీ కాదు. కాస్త సిగ్గుపడుతూ తన పేరు కొట్టాడు, ఇంటిపేరుతో సహా. ఎంటరు నొక్కేముందు చిన్న ఆశ పుట్టింది. కాదంది. యంత్రమే అయినా ఆ మాట కాస్త మెత్తగా చెప్పి ఉండాల్సిందని అనిపించింది.

ఇక మిగిలింది ఒక్కటే. అది అతని మనసులో మొదటి నుంచీ ఉంది, వేళ్ళకి రానివ్వలేదు. సొరుగులోంచి కంప్యూటరాయన ఇచ్చిన కార్డు తీసి, దాని మీదున్న పూర్తి పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. పొడుగు పేరు, ఆరోజు ఆమె కొట్టినంత పొడుగు. నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

తెరిచి చూస్తే, కాదంది.

అలాంటి సంతోషం అతనికి కూతురు పుట్టినప్పుడు కలిగింది, మళ్ళీ ఇప్పుడే. ఆ ఊపులో ఏదైతే అది కొట్టేశాడు. తన మిషను పేరు, వీధి పేరు, పక్కింటి కుక్క పేరు. చివరికి కంప్యూటరుకే విసుగొచ్చి, ఇక ఏదీ అడగనని తాళం వేసేసుకుంది.

భార్య వచ్చింది. పాటల బృందం కూడా వచ్చింది. ముందు గది నిండా ఆడవాళ్ళు, టేపు మెడలో వేసుకుని ఆమె, ఏం కొట్టినా తీసుకోని కంప్యూటరు. రేడియో తేలు కుట్టిన దొంగలా కోతబల్ల మీదికి వంగిపోయాడు. ఆమె ఫోను తీసింది. ఎవరికి చేస్తుందో వేరే చెప్పాలా? ఎవరి నీడ ఆ గడప మీద పడకూడదనుకున్నాడో ఆ మనిషిని తన చేత్తో తనే పిలిపించుకున్నాడు.

కంప్యూటరాయన వచ్చి తెర చూశాడు. తర్వాత కుర్చీ చూశాడు. అది ఆమె కూర్చునే ఎత్తుకన్నా కిందికి దించి ఉంది. తర్వాత కీబోర్డు చూశాడు. మీటల మీద నీలం సుద్దపొడి. ఆ దుకాణంలో నీలం సుద్ద పట్టుకునేది ఒక్కడే. బల్ల దగ్గర నిలబడ్డ రేడియో చేతిలోని సుద్దముక్క జేబులో దాచేశాడు. ఆయన జేబురుమాలు తీసి మీటలన్నీ నింపాదిగా తుడిచాడు. ఏమైందని ఆమె అడిగింది.

"ఒక్కోసారి ఇలా అవుతుందండీ. ఏం ఫర్వాలేదు," అన్నాడు.

పని ముగించి వెళ్తూ రేడియో పక్కనుంచే నడిచాడు. రుమాలు మడతలో నీలం మరక కనిపిస్తోంది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఒక చూపు లేదు, చిరునవ్వు లేదు, నీ గుట్టు నా దగ్గరుందన్న సైగ లేదు. పట్టించేసినా రేడియోకి ఇంత మండేది కాదు. తనైతే ఈ ముక్కని వారం రోజులు పండగ చేసుకునేవాడు. ఆ మనిషి మంచినీళ్ళు తాగినట్టు మింగేసి వెళ్ళిపోయాడు. తన అసూయ ఆయన చొక్కా మీదా కాదు, నెరిసిన కణతల మీదా కాదని రేడియోకి అప్పుడు తెలిసింది. ఆ మూసిన నోటి మీద. తన భార్య నమ్మింది దాన్ని. తనకి లేనిది అదే.

చలి మొదలైన రోజుల్లో భార్య తన చెల్లెలికి ఒంట్లో బాగాలేదని పక్క ఊరి ఆసుపత్రికి వెళ్ళింది. పోతూ, ఆ రోజు ఎవరూ బట్టలు తీసుకోవడానికి రారనీ, వస్తే రేపు రమ్మనమనీ చెప్పింది. కంప్యూటరు మూసే ఉంది. మధ్యాహ్నం పాటల టీచరు వచ్చింది. బడిలో పిల్లలకి పాటలు నేర్పుతుంది. ఆరోగ్యం బాగాలేదని చాన్నాళ్ళు సెలవు పెట్టి, ఈమధ్యే మళ్ళీ పనిలో చేరింది. బడిలో జరిగే కచేరీ ముందుకి జరిపారట, కోటు ఇవాళే కావాలంది. రేడియో ఇబ్బందిగా నవ్వాడు. కడ్డీకి వేలాడుతున్న బట్టలకి నంబర్లే ఉన్నాయి, ఏ నంబరు ఎవరిదో తన దగ్గర లేదు.

"ముదురాకుపచ్చ కోటండీ. పెద్ద కాలరుది," అందామె.

ముదురాకుపచ్చది ఒక్కటే ఉంది. రేడియో దాన్ని కడ్డీ మీంచి తీశాడు. తీస్తుండగానే అతని చేతులకి గుర్తొచ్చింది. ఆ కోటు చీటీ మీద, ఎడమవైపు ఛాతీ దగ్గర లోపల మెత్త పెట్టి రెండువైపులా సమంగా కనిపించేట్టు కుట్టాలని రాసి ఉంది. ఆ నంబరు ఎవరో గాని పెద్ద ఆపరేషను నుంచి లేచినావిడ అయ్యుంటుందని అప్పుడే అనుకున్నాడు. ఎవరో తెలియదు గనక జాలిపడి, దూది నాలుగు పొరలుగా సర్ది, కదలకుండా సన్నటి కుట్టు వేసి ఊరుకున్నాడు. ఇప్పుడా నంబరు ఎదురుగా నిలబడి ఉంది.

అతను ముఖం దాచుకోలేకపోయాడు. ఆమె చూసేసింది. ఆ వీధిలో ఉన్న మనిషే, ఎదురుగా ఉన్నవాడి నోటి సంగతి తెలుసు. చేతులు చాచింది గాని కోటు అందుకోలేదు. రంగు పోయిన ముఖంతో అలాగే నిలబడింది.

"మీకు పేర్లు చెప్పనని అక్క అన్నారు," అంది చివరికి.

"చెప్పదండీ. నాకు నంబర్లు తప్ప ఏమీ తెలీదు."

ఆమె అతని వైపు కాసేపు చూసింది. నమ్మిందో లేదో అతనికి అర్థం కాలేదు. కోటు మడిచి సంచిలో పెట్టుకుంది. గడప దగ్గర ఆగి, బడిలో ఎవరికీ తెలీదండీ అంది, ఎక్కడో గోడకి చెప్పినట్టు. వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రేడియో పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. మామూలు గుట్టయితే పర్వాలేదు, ఇది ఆ వీధిలో ఎవరికీ తెలియనిది. మర్నాడు గడ్డం గీయించుకోవడానికి సెలూనుకి వెళ్ళకుండా ఇంట్లోనే గీసుకుని రెండుచోట్ల కోసుకున్నాడు. కానీ జుట్టు ఇంట్లో కత్తిరించుకోలేడు కదా. వెళ్ళక తప్పలేదు. సెలూనాయన మెడకి గుడ్డ చుట్టి, పాటల టీచరు బాగా చిక్కిపోయిందనీ, అన్నాళ్ళు సెలవంటే చిన్న జబ్బు కాదనీ, మీ దుకాణానికే వస్తుందిగా నీకేమైనా తెలుసా అనీ అడిగాడు. అద్దంలో రేడియో తన నోటినే చూసుకున్నాడు. అది తెరుచుకుంది కూడా. పక్క కుర్చీలో ఎవరున్నారో చూడాలని మొదటిసారి అనిపించింది. ఎవరూ లేరు. కానీ ఆ నోటికి ఎదురుగా, గడప దగ్గర గోడకి చెప్పుకుని వెళ్ళిన మనిషి వచ్చి నిలబడినట్టయింది.

"నాకు నంబర్లే తెలుసయ్యా," అన్నాడు.

సెలూనాయన నవ్వాడు. కత్తెర మళ్ళీ ఆడింది. మాట వేరేవాళ్ళ మీదికి పోయింది.

చెప్పకపోవడం ఒక బాధ. చెప్పలేదన్న సంగతి ఎవరికైనా చెప్పాలనిపించడం దానికన్నా పెద్ద బాధ. కంప్యూటరాయన వచ్చి స్టూలు మీద కూర్చున్నప్పుడల్లా రేడియోకి లోపల కుతకుతలాడేది. ఆ రుమాలాయన మింగింది చిటికెడు సుద్దపొడి. నేను మింగింది ఎంతో తెలుసా అని అరవాలనిపించేది. భార్యతో అనాలనీ అనిపించేది. అంటే ఏమవుతుంది? చెప్పనివాణ్ణని చెప్పడానికి చెప్పినట్టవుతుంది. ఈ ముడి ఎటు లాగినా విడలేదు. ఆయనకి నవ్వూ, నమ్మకమూ, తనకి కడుపుబ్బరం. గుటకలు మింగుతూ గుడ్డలు కోసుకున్నాడు.

చలి పోయి ఎండలు వచ్చాయి. టీచరు ఈసారి ఒక గౌనుకి గుడ్డ తెచ్చి ఇచ్చింది. రేడియో తల ఎత్తకుండా మిషను తొక్కాడు. ఆమె తెర వెనక్కి వెళ్తూ ఒక్క క్షణం అతని వైపు చూసి తలూపింది. ఆ సాయంత్రం భార్య డిస్కు మఖమలు సంచిలో పెట్టుకుంటుంటే, అతను ఇనుపకడ్డీ వైపు చూపిస్తూ అన్నాడు.

"ఈ బట్టలకి పైన తొడుగులు వెయ్యాలి. మామూలు మందపాటి గుడ్డతో కుట్టేస్తాను."

"ఇప్పుడెందుకు?"

"పేర్లు తీసేసి ప్రయోజనం లేదు. రంగు చెప్పి అడిగితే ఏ నంబరు ఎవరిదో తెలిసిపోతుంది."

ఆమె చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. అది ఆమెకి తట్టలేదు. ఆ కంప్యూటరాయనకీ తట్టలేదు.

"ఎవరిది తెలిసింది మీకు?"

"ఎవరిదైతే ఏం."

"ఎప్పుడు?"

"నువ్వు మీ చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళావే, ఆరోజు."

ఆమె లోలోపల వెతుక్కుంది. ఆరోజు దుకాణంలోంచి వెళ్ళింది ఒక్క కోటే. ముఖం మారిపోయింది. చలికాలం మొదట్లో మాట. అప్పటి నుంచీ వీధిలో గాని, సెలూన్లో గాని, మందులషాపు దగ్గర గాని చిన్న గుసగుస లేదు. టీచరు ఈ మధ్యాహ్నం కూడా నవ్వుతూనే వెళ్ళింది.

"ఎవరో నాకు కూడా చెప్పరా?" అంది మెల్లగా.

"నీకు తెలిసిందేగా. మళ్ళీ నేను చెప్పడం ఎందుకు?"

ఆమె కుర్చీలో కూర్చుంది. కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో అతనికి సరిగ్గా తెలియలేదు. ఆ పాస్‌వర్డు ఏమిటో తెలుసా అని అడిగింది. తెలీదన్నాడు. అప్పుడు చెప్పుకొచ్చింది. పేర్లూ తేదీలూ పెట్టొద్దన్నాడట కంప్యూటరాయన. పూర్తి వాక్యం ఒకటి పెట్టుకోమన్నాడట, మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళకి కూడా కలలోనైనా తట్టనిది. ఆమె ఆలోచించి ఒకటి చెప్పిందట. ఈ వీధి మొత్తం తలకిందులుగా నిలబడ్డా ఇది ఎవరికీ తట్టదని చెప్పిందట. అందుకే ఆయన నవ్వాడట, తనకీ నవ్వాగలేదట.

"ఏంటి ఆ వాక్యం?"

"మా ఆయన ఎవరికీ చెప్పడు."

రేడియో కోతబల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్ని నెలలు తను తలచుకుని కుళ్ళుకున్న ఆ నవ్వు తన గురించే. ఆయన తెలివికీ కాదు, ఆయన చొక్కాకీ కాదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల మీది గుడ్డపీలికలు ఏరడం మొదలుపెట్టాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గాని అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆరోజుకి అది సరైన పాస్‌వర్డే.

ఆమె కంప్యూటరు వైపు తిరిగి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇంక దాన్ని మార్చాలి," అంది.

"నాకు చెప్పేశావనా?"

"అందుకు కాదు. ఇప్పుడది ఎవరికైనా తట్టొచ్చు."

ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తెర అతనికి కనిపించేట్టే ఉంది, రెండడుగులు వేస్తే మీటలు కూడా కనిపిస్తాయి. ఈ మాట కోసం ఎన్ని రాత్రులు పక్క మీద దొర్లాడో అతనికే తెలుసు. రేడియో ఏరిన పీలికలు బుట్టలో వేసి, దుకాణం తలుపు దగ్గరికి నడిచి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. ఎదుట సెలూనాయన తువ్వాళ్ళు దులుపుతూ చెయ్యి ఊపాడు. ఇతనూ ఊపాడు. వెనక టకటకా మొదలైంది. చాలాసేపు సాగింది. ఈసారిది ఇంకా పొడుగు వాక్యంలా ఉంది. ఆగాక, ఆమె ఒక్కతే నవ్వుకోవడం వినిపించింది.

ఒళ్ళు మండింది. ఏం పెట్టావని అడగడానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. రేడియో తలుపు గడియ బిగుతుగా ఉందో లేదో చూస్తూ ఆమె లేచేదాకా అక్కడే నిలబడ్డాడు.